18 మీటర్ల నీడలో 4 మీటర్ల బండి

విజయవాడ ఆటోనగర్‌లో నాకొక షెడ్డు ఉంది. మట్టి తవ్వే యంత్రాల హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేయడం నా పని. 26 ఏళ్లుగా సీళ్లు మారుస్తున్నాను, వంగిన రాడ్లు సరిచేస్తున్నాను, నూనె ఎక్కడి నుంచి కారుతోందో వెతుకుతున్నాను. కార్టూను సీరియల్ గురించి రాస్తూ ఈ సంగతితో మొదలుపెట్టడం విడ్డూరంగా ఉండవచ్చు. కానీ ఈ సీరియల్ నాకు నచ్చింది ఆ నూనె వల్లనే. కథ, పాత్రలు, యుద్ధం అన్నీ తరువాత వచ్చాయి.

దాని పేరు ఆర్మర్డ్ ట్రూపర్ వోటమ్స్. జపాన్‌లో 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి వరకు టీవీలో వచ్చింది. 52 భాగాలు. తీసిన సంస్థ సన్‌రైజ్, దర్శకుడు ర్యోసుకే తకహాషి. రోబోల సీరియళ్లు చూసేవారిని పది మందిని అడిగితే తొమ్మిది మంది గండం (Gundam) అనే జపాన్ సీరియల్ పేరు చెబుతారు. పదో మనిషి కూడా గండమే అని, కాస్త ఆలోచించి ఈ పేరు కలుపుతాడు.

మా మేనల్లుడిది ఆ మొదటి తొమ్మిది మంది జాతి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం వచ్చిన వారం గండం ప్లాస్టిక్ బొమ్మ ఒకటి కొని, ముక్కలు కత్తిరించి, అరగదీసి, అతికి, గాజు అలమరలో పెడతాడు. మా అక్కకు అది పిచ్చి. నాకు మాత్రం వాడి చేతిలో ఆకురాయి కనబడటమే సంతోషం. కిందటి వేసవిలో పది రోజులు మా ఇంట్లో ఉండి నాకు 1979 నాటి అసలు గండం చూపించాడు.

గండం మంచి సీరియల్. ఇది ముందే చెప్పాలి, లేకపోతే వాడు నాతో మాట్లాడడు. దానికి ముందు రోబో అంటే దేవుడి రథం. దుష్టుడు వారానికొక రాక్షసుణ్ణి పంపుతాడు, కుర్రవాడు రథమెక్కి చంపుతాడు. గండం దర్శకుడు యొషియుకి తొమినో దాన్ని యుద్ధంగా మార్చాడు. రెండు వైపులా మనుషులున్నారు, రెండు వైపులా తల్లులున్నారు. శత్రువుల జాకు అనే రోబో ఫ్యాక్టరీలో వందల్లో తయారవుతుంది. అయినా చూస్తున్నంతసేపూ నాకొక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ తెల్ల రోబో 18 మీటర్ల ఎత్తు. ఆరంతస్తుల మేడ. ఓడలో దానికి మరమ్మతులు చేయడం చూపిస్తారు, కాదనను. కానీ తరువాతి భాగానికి అది మళ్లీ పెళ్లికొడుకులా తయారై నిలబడుతుంది. ఒక్కటే రోబో, ఒక్కడే కుర్రవాడు, వాడికోసమే పుట్టినట్టు. నేనిన్ని యంత్రాలు చూశాను, మనిషికోసం పుట్టిన యంత్రం ఒక్కటీ కనబడలేదు. ఎవరు తాళం తిప్పినా కదిలేదే యంత్రం.

ఈ మాట పైకి అన్నాను. మేనల్లుడు కొంచెంసేపు మౌనంగా ఉండి, "మామయ్యా, మీరు చూడవలసింది ఇది కాదు" అని సంచిలోంచి వేరే డిస్కులు తీశాడు. ఇంగ్లీషు ఉపశీర్షికలున్న పాత కట్ట. వాడు రెండు భాగాలు చూసి పక్కన పెట్టేసినదట. "హీరో నవ్వడు, రోబో అందంగా లేదు" అన్నాడు. ఆ రెండూ నిజమే.

మొదటి భాగం పేరే యుద్ధాంతం. గిల్గమెష్, బాలరాంత్ అనే రెండు కూటములు వందేళ్లుగా పోట్లాడుకుంటున్నాయి. ఎందుకో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. సంధి కుదిరే వేళకు చిరికో క్యూవీ అనే పద్దెనిమిదేళ్ల సిపాయిని ఒక గ్రహశకలం మీద దాడికి పంపుతారు. అక్కడికి చేరాక అతనికి తెలుస్తుంది, అది తమ సైన్యపు స్థావరమేనని. లోపల ఒక పెట్టె తెరిస్తే అందులో గుండుతో ఉన్న స్త్రీ కళ్లు తెరిచి చూస్తుంది. తరువాత అతని సొంతవాళ్లే అతణ్ణి వదిలేసి పోతారు, పట్టుకుంటారు, రహస్యం ఎక్కడ దాచావని చిత్రహింసలు పెడతారు. తప్పించుకుని ఊడో అనే నగరంలో పడతాడు. యుద్ధం ముగిసింది, పని లేదు, చేతికి తెలిసిన విద్య ఒక్కటే. ఇంతకన్న నిజమైన ఆరంభం నేను రోబో కథల్లో చూడలేదు.

ఇక బండి సంగతి, అంటే ఈ సిపాయిలు ఎక్కి నడిపే రోబో. దాని పేరు స్కోప్‌డాగ్. వోటమ్స్ అన్న పేరే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాల కూర్పు, అర్థం ఒక్క మనిషి నడిపే నిలువు ట్యాంకు. ఎత్తు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. నా షెడ్డు గేటులోంచి తల వంచకుండా లోపలికి వస్తుంది, నేను కొలిచాను. రంగు పాత లారీ రంగు, ఆకుపచ్చ. ముఖం లేదు. ముఖం ఉండవలసిన చోట మూడు కటకాలున్న గుండ్రని బిళ్ల, ఒక్కో రకంగా చూడటానికి ఒక్కో కటకం, టకటకమని తిరుగుతుంది. మా చిన్నప్పుడు స్కూలు ప్రయోగశాలలో మైక్రోస్కోపు కటకాలు తిప్పినట్టే. ఆ చప్పుడు ఒక్కటి చాలు, ఇది వస్తువు, దేవుడు కాదు అని నమ్మడానికి.

నడిపేవాడు దిగాలంటే బండి మోకాళ్ల మీద కూర్చుంటుంది. కాళ్లు మడుచుకుని, నడుము నేలకు దిగి, పొట్ట తెరుచుకుంటుంది. నిచ్చెన లేదు, లిఫ్టు లేదు. మనిషి ఒక కాలు బయట పెడితే చాలు. దీన్ని గీసినవాడు కునియో ఒకవారా. తమాషా ఏమిటంటే ఆ 18 మీటర్ల గండం గీసినదీ ఆయనే. ఒకే చేయి, నాలుగేళ్ల తేడా. అక్కడ రాజుకు కవచం గీశాడు, ఇక్కడ కూలికి బండి గీశాడు. రెండో దాంట్లో ఆయన చేయి ఎక్కువ ఆనందపడినట్టు నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

పాదాల కింద చక్రాలున్నాయి. ఇది పరుగెత్తదు, జారుతుంది. మలుపు తిరగాలంటే పాదం పక్కనుంచి ఒక ఇనుప మేకు నేలలోకి దిగుతుంది, దాని చుట్టూ బండి గిర్రున తిరుగుతుంది. నిప్పురవ్వలు లేస్తాయి. గుద్దు గుద్దితే ముంజేయి పిస్టన్‌లా ముందుకు దూకుతుంది, పక్కనుంచి ఖాళీ తూటా గుల్ల ఒకటి ఊడి కింద పడుతుంది. ఆ గుల్ల పడటం చూసి నేను బిగ్గరగా నవ్వాను. మేనల్లుడికి అర్థం కాలేదు. ఒక్క గుద్దుకు ఎంత బలం కావాలో, ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో, వాడాక ఏమి మిగులుతుందో ఎవరో కూర్చుని ఆలోచించారు. అందుకు నవ్వాను.

ఇప్పుడు ఆ నూనె. ఈ బండ్ల ఒంట్లో కండరాల్లాంటి సిలిండర్లుంటాయి. వాటిలో పాలిమర్ రింగర్ అనే ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవం వల్లనే కాళ్లూ చేతులూ కదులుతాయి. వాడేకొద్దీ అది పాడవుతుంది, మార్చాలి. పైగా మండుతుంది. అందుకే తూటా సరైన చోట తగిలితే బండి మొత్తం పేలిపోతుంది. కవచమా, పేరుకే. లోపల కూర్చున్నవాడు తన చావును తన సిలిండర్లలోనే నింపుకుని తిరుగుతున్నాడు. నా షెడ్డుకు వచ్చే ప్రతి డ్రైవరుకూ నేను చెప్పే మాట ఒకటుంది, నల్లబడిన నూనెతో బండి నడపవద్దని. వింటారా? వినరు. ఈ సీరియల్లో సిపాయిలు కూడా వినరు. చవకబారు ద్రవం పోసుకుని, అతుకుల బండి ఎక్కి పోతారు. వీళ్లకు సైన్యంలో ఉన్న పేరు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది: అడుగున పడినవాళ్లు అని. వోటమ్స్ అన్న పేరులోనే బాటమ్స్ అన్న ఆ ఇంగ్లీషు మాట ధ్వనిస్తుంది.

చిరికోకు సొంత బండి అంటూ ఏదీ లేదు. దొరికినదాంట్లో ఎక్కుతాడు, అది పాడైతే దిగి మరొకటి ఎక్కుతాడు. వదిలేసిన దానివైపు వెనక్కి తిరిగి చూడడు. మా మేనల్లుడికి సీరియల్ నచ్చకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. అలమరలో ఏది పెట్టుకోవాలి? అన్నీ ఒకటే. నాకేమో అదే గొప్పగా తోచింది. యాభై మందికి ఒకే బండి ఇచ్చి, అందులో ఒకడు బతికి బయటపడితే, అప్పుడు కదా ఆ ఒకడి చేతిలో ఏముందో మనం చూస్తాం. చిరికో ఎక్కగానే ముందు బండి కంప్యూటరు లెక్కలు తనకు తగ్గట్టు మార్చుకుంటాడు. మంచి ఆపరేటరు వేరేవాడి యంత్రం ఎక్కినా ముందు సీటు, లివర్లు సరిచేసుకుంటాడు. అచ్చం అదే.

కథ నాలుగు చోట్ల నడుస్తుంది. నేను ఊళ్లంటున్నాను కానీ చివరి రెండూ గ్రహాలే. ఒక్కో ఊరిదీ ఒక్కో రుచి. ఊడో అన్నింటికన్నా బాగుంటుంది. నేరగాళ్లు, లంచగొండి పోలీసులు, చీకటి సందులు, ఎప్పుడూ తడిగా ఉండే వీధులు. మోటారు సైకిళ్ల ముఠా ఒకటి చిరికోను పట్టుకుని గనిలో బానిసగా పెడుతుంది. అతణ్ణి చేరదీసేవాడు గౌటో అనే ముసలి ఆయుధాల దళారి. లాభం లేనిదే వేలు కదపని మనిషి, చివరకు అందరికన్నా ఎక్కువ నష్టపోయేదీ అతనే. వనీలా అని ఒక వాగుడుకాయ, కొకోనా అని వీధిలో పెరిగిన పిల్ల. ఈ ముగ్గురూ డబ్బు కోసం చిరికోను బ్యాట్లింగు అనే పందేల్లో దింపుతారు. యుద్ధం అయిపోయాక మిగిలిన బండ్లను గోదాలోకి దింపి కొట్టించి, పైనుంచి జనం పందేలు కాస్తారు. సంక్రాంతికి మా వైపు బరుల దగ్గర నిలబడినవాళ్లకు ఆ జనం ముఖాలు కొత్తగా అనిపించవు. కోడి స్థానంలో ఇనుము, అంతే.

ఆ ముగ్గురూ ఒకచోట చిరికో బండి భుజానికి ఎర్ర రంగు వేస్తారు. అతను ఒకప్పుడు రెడ్ షోల్డర్ అనే దళంలో ఉన్నాడు. కనబడినదల్లా తగలబెట్టిన దళం. భుజం ఎర్రగా ఉంటే శత్రువు పారిపోతాడని వీళ్ల లెక్క. చిరికో ఆ రంగు చూసి, అసలుది ఇంత ప్రకాశంగా ఉండదు, ఇంకా ముదురుగా, నెత్తురు రంగులో ఉంటుందని మాత్రం అంటాడు. కోపం లేదు, ఏడుపు లేదు. రంగు తేడా చెప్పినట్టు చెప్పాడు. అక్కడ నేను డిస్కు ఆపి టీ పెట్టుకున్నాను.

ప్రతి భాగం చివర మరుసటి వారం గురించి ఒక గొంతు చెబుతుంది. ఊడోలో చిరికో తాగే కాఫీ చేదుగా ఉంటుందని ఒకసారి, వచ్చే వారం కూడా చిరికోతో కలిసి నరకానికి రండి అని ఇంకొకసారి. ఆ గొంతు బాంజో గింగాది. కథలో చిరికోను వెంటాడే రోచినా అనే అధికారి గొంతు కూడా ఆయనదే. ఇంకా వినండి: గండంలో తమ్ముడి చితి చల్లారకముందే జనాన్ని యుద్ధానికి రెచ్చగొట్టే ఉపన్యాసం చేసిన గిరెన్ జాబీ గొంతు కూడా ఆయనదే. అక్కడ అతను యుద్ధాన్ని అమ్ముతాడు, ఇక్కడ అదే గొంతు యుద్ధం మిగిల్చిన చెత్త గురించి చెబుతుంది. ఇది కావాలని చేశారో, ఆ రోజుల్లో గంభీరమైన గొంతులు కొన్నే ఉండేవో. నాకు మాత్రం రెండూ వరసగా చూడటం వల్ల ఒళ్లు జలదరించింది.

రెండో ఊరు కుమ్మెన్. అడవి, వాన, బురద, అంతర్యుద్ధం. వియత్నాం, కంబోడియా వార్తలు చదివి పెరిగిన తరం రాసినదని చూడగానే తెలుస్తుంది. ఒక పాత్ర పేరే పోటారియా, ముందు పోల్ అని కూడా ఉంది. చిరికో ఇక్కడ కిరాయి సిపాయి. ఈ భాగంలో బండ్లు మారతాయి. చిత్తడి నేలలో మామూలు స్కోప్‌డాగ్ కూరుకుపోతుంది కాబట్టి, దాని పాదాలకు వెడల్పాటి పరికరాలు తగిలించి మార్షీడాగ్ అనే రకం చేశారు. మేము కృష్ణా డెల్టాలో ట్రాక్టరుకు టైర్లు తీసి దమ్ము చక్రాలు బిగించినట్టే. ఆ బిగింపు చూసి, ఈ బొమ్మ గీసినవాళ్లకు బురద తెలుసు అనుకున్నాను. వరి పండే దేశం కదా, తెలియకేం.

కుమ్మెన్ తిరుగుబాటు వెనకున్న యువరాజు కాంజెల్‌మాన్ ఎత్తు ఏమిటో ఇక్కడ చెప్పను. ఇంతవరకు చెప్తాను. ఓడిపోవడం కోసమే యుద్ధం నడిపే మనిషిని నేను పిల్లల సీరియల్లో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఇప్సిలాన్ అనే ప్రత్యర్థి కూడా ఇక్కడే వస్తాడు. అతనూ, పెట్టెలోని ఆ స్త్రీ ఫియానా కూడా, యుద్ధం కోసం తయారుచేసిన మనుషులు. పరిపూర్ణ సైనికులు అంటారు. జిజిరియం అనే ఖనిజపు కాంతి అందకపోతే బతకరు. బండికి పాలిమర్ రింగర్, వీళ్లకు జిజిరియం. యంత్రానికీ మనిషికీ ఒకే రకం ఖర్చు చీటీ రాసిన సైన్యం అది.

ఇక తిట్లు. 52 భాగాల్లో కనీసం ఎనిమిది నాకు అక్కరలేదు. మూడో ఊరు సన్సాకు చేరేముందు అంతరిక్షంలో ఓడలో జరిగే భాగాలు సాగదీశారు. ఓడ తెరల మీద చిరికో పాత యుద్ధం మళ్లీ మళ్లీ చూపించి అతణ్ణి వేధిస్తుంది. కథకు అవసరమే కావచ్చు, కానీ వాడిన బొమ్మలే వాడి డబ్బు మిగుల్చుకున్నారని నా కంటికి ఇట్టే తెలిసింది. ఫియానాకు దక్కవలసినంత దక్కలేదు. అంత బలం ఉన్న మనిషిని సగం కథలో ఎవరో ఒకరు ఎత్తుకుపోతూనే ఉంటారు. కొకోనా అరుపులకు మా ఇంటావిడ వంటింట్లోంచి వచ్చి, "ఆ పిల్ల నోరు కాస్త మూయించండి" అంది. బొమ్మ నాణ్యత కూడా ఎగుడుదిగుడే. ఒక భాగంలో చిరికో ముఖం చెక్కినట్టుంటుంది, మరుసటి భాగంలో ఎవరో తొందరలో గీసి ఇచ్చినట్టు.

సన్సా మీద మాత్రం ఒక ముసలావిడ ఉంది, జోఫీ. రెడ్ షోల్డర్ దళం ఆమె ఇంటిల్లిపాదినీ చంపింది. చిరికో ఎవరో తెలిశాక ఆమె అతణ్ణి చూసే చూపుకోసం ఆ సాగదీసిన భాగాలన్నీ ఓర్చుకోవచ్చు. అతను తాను ఆజ్ఞ పాటించానని అనడు, తప్పు నాది కాదని అనడు. అసలేమీ అనడు. మేనల్లుడు ఫిర్యాదు చేసిన ఆ నవ్వని ముఖం ఎందుకు నవ్వదో అక్కడ అర్థమవుతుంది.

నాలుగో ఊరు క్వెంట్. ఇక్కడ కథ ఒక్కసారిగా ఆకాశానికి ఎగురుతుంది. వేల ఏళ్లుగా తెరవెనక ఉండి ఈ నక్షత్రాలను ఆడిస్తున్న దేవుడిలాంటి శక్తి ఒకటి బయటపడుతుంది. తన వారసుడు చిరికోయే అంటుంది. మొదట నాకు చిరాకు వేసింది. ఇంతసేపూ వీడు మామూలువాడు, బండి మామూలుది అని నమ్మించి, ఇప్పుడు వీడు అవతార పురుషుడంటారా? అదే కదా గండం చేసిన పని? కానీ చివరి రెండు మూడు భాగాల్లో చిరికో ఆ సింహాసనంతో ఏమి చేశాడో చూశాక కోపం దిగింది. దేవుడు కమ్మని చెబితే పాలన మొదలుపెట్టేవాళ్లు కథల్లో బోలెడుమంది. ఇతను స్కోప్‌డాగ్ నడిపినవాడు, ఏ యంత్రాన్ని ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. ఇక్కడితో ఆపుతాను, చూడనివాళ్లకు చెడగొట్టకూడదు.

మరి ఇంత సరుకున్నది ఎందుకు నీడలో ఉండిపోయింది? పెద్ద రహస్యమేమీ లేదు. గండం కూడా మొదట దెబ్బతిన్నదే. చూసేవాళ్లు తక్కువయ్యారని 52 భాగాలు అనుకున్నదాన్ని 43తో ముగించారు. దాన్ని బతికించింది బొమ్మలు. 1980 జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్లకు చిన్న ప్లాస్టిక్ గండం అమ్మడం మొదలుపెట్టింది. పిల్లలు ఎగబడ్డారు. తరువాత మూడు సినిమాలు వచ్చాయి. ఆ తరువాత కొన్నేళ్లకొకసారి కొత్త కుర్రవాడు, కొత్త తెల్ల రోబో, కొత్త కథ. తాతకు తెలియనిది మనవడు కొంటాడు. వోటమ్స్‌కు కూడా తకారా కంపెనీ మంచి బొమ్మలే చేసింది. కానీ ఆకుపచ్చ బండి ఒకటి కొన్నాక రెండోది ఎందుకు కొనాలి? అన్నీ ఒకటే అన్నది కథకు ప్రాణం, కొట్టుకు శాపం. పైగా తరువాత వచ్చిన వీడియో కథలు కూడా ఎక్కువగా చిరికో చుట్టూనే తిరిగాయి. కొత్తవాడికి తలుపెక్కడుందో తెలియదు. ఒక్క మెల్లోలింక్ మినహాయింపు. 1988లో మొదలైన 12 భాగాల వీడియో సిరీస్. అందులో హీరో బండి ఎక్కడు. కాలినడకన, పొడవాటి తుపాకీతో ఆ బండ్లను వేటాడతాడు. దాని గురించి వేరే ఎప్పుడైనా.

కొనేవాళ్లు తక్కువే కానీ పట్టుకున్నవాళ్లు వదలరు. కొగొరో కురాటా అని జపాన్‌లో ఒక కమ్మరి కళాకారుడు ఉన్నాడు. ఆయన నిజమైన ఎత్తులో ఒక స్కోప్‌డాగ్‌ను ఇనుముతో చేశాడు. ఆయన అక్కడితో ఆగలేదు, 2012లో మనిషి లోపల కూర్చుని నడపగలిగే కురటాస్ అనే యంత్రాన్ని లోకానికి చూపించాడు. దాని ఎత్తు కూడా నాలుగు మీటర్ల చుట్టుపక్కలే. అదీ చక్రాల మీదే పోతుంది. 18 మీటర్ల గండాన్ని యొకోహామా ఓడరేవులో నిలబెట్టి కదిలించారు, చూడటానికి జనం టికెట్లు కొని వెళ్లారు. అయితే దానికి వెనకనుంచి ఆనించిన ఇనుప ఆధారం ఉంది. కురాటా యంత్రాన్ని ఎవరూ వెనకనుంచి పట్టుకోలేదు. ఫోటో చూసినప్పుడు నేను ముందు చూసింది దాని మోచేతి దగ్గర సిలిండర్ల అమరిక. హోస్ పైపు మడత దగ్గర ఒరుసుకుంటుందేమో అనిపించింది. వృత్తి దోషం, క్షమించాలి.

ఎవరు చూడాలి అని అడిగితే, తొందరపడేవాళ్లు వద్దు. మొదటి 13 భాగాలు, అంటే ఊడో నగరం పూర్తయ్యేవరకు చూడండి. నచ్చకపోతే అక్కడ వదిలేయవచ్చు, ఆ భాగం దానంతట అదే ఒక కథలా ఉంటుంది. నచ్చితే కుమ్మెన్ మిమ్మల్ని లాక్కుపోతుంది. ఓడలో జరిగే భాగాల దగ్గర ఒక పక్క చిన్న పనేదైనా పెట్టుకోండి, చిక్కుడుకాయలు ఒలిచేదో ఏదో. తీసినవి 40 ఏళ్ల కిందట, పారదర్శక పలకల మీద చేత్తో రంగులు వేసిన పాత సెల్ బొమ్మలు, ముతక గీతలు. ఆ ముతకదనం ఈ బండ్లకు నప్పింది. నిగనిగలాడే కంప్యూటర్ బొమ్మల్లో తుప్పు కూడా కొత్తగా కనబడుతుంది.

మేనల్లుడు నాతో కూర్చుని చివరి భాగం దాకా చూశాడు. ఓడిపోయానని ఒప్పుకోలేదు. గండమే పెద్దది అన్నాడు. పెద్దది కాదని ఎవరన్నారు? వెళ్లిన నెల రోజులకు ఒక పెట్టె పంపాడు. లోపల 1/20 కొలతలో స్కోప్‌డాగ్ బొమ్మ, తనే అతికి రంగు వేసినది. మోకాళ్లు మడిచి, పొట్ట తెరిస్తే లోపల చిన్న చిరికో కూర్చుని ఉన్నాడు. పని బాగుంది, ఒక్క గీత కూడా తప్పలేదు. కానీ బండి మెరిసిపోతోంది. ఫోను చేసి, "అంతా బాగుంది, మురికి ఏదిరా?" అన్నాను. "మీ దగ్గర లేదా మామయ్యా?" అన్నాడు.

ఉంది. షెడ్డులో బల్ల మీద, వెర్నియర్ పక్కన పెట్టాను. మూడు వారాల్లో గ్రైండింగు పొడి పట్టి, ఎవరి గ్రీజు వేలో తగిలి, ఇప్పుడు అది అసలైన స్కోప్‌డాగ్‌లా ఉంది. మొన్న కొత్తగా చేరిన కుర్రవాడు దాన్ని చేతిలోకి తీసుకుని మోకాలు రెండుసార్లు మడిచి చూసి, "దీనికి సీలు ఎక్కడ వస్తుందండీ?" అని అడిగాడు. వాడికి ఈ ఆదివారం ఊడో చూపిస్తున్నాను.